‘లా వొక్కింతయు’లో లావు ఏ లావు?

తార్నాక: ఒక స్పానిష్ కథను ఇంగ్లీషులోకి తెస్తున్నాను. పొలం జప్తు అవుతుంటే రైతు గట్టున నిలబడి ‘ఇంపొతెన్సియా’తో, అంటే ఏమీ చేయలేనితనంతో, ఏడుస్తాడు. ‘ఇంపొటెన్స్’ అని రాస్తే అతన్ని వైద్యుడి దగ్గరికి పంపినట్టే. ‘ఇనెబిలిటీ’ అంటే ఆఫీసు కాగితం. ఇదంతా ఆలోచిస్తుంటే గజేంద్రుడి పద్యం పట్టుకుంది. ‘మూర్ఛ వచ్చె’ తర్వాత ఏమిటి? ఇంకొకటి, అక్కడ లావంటే ఒంటి బలమేనా?

నల్లకుంట: ‘దనువున్ డస్సెన్’. డయ్యు ధాతువు, అలసిపోవడం. లావంటే బలమే, లావరి అంటే బలవంతుడు. ఏనుగుకు ఒళ్లు లేదని పోతన రాస్తాడా!

చిక్కడపల్లి: ఒంటి సంగతి డస్సెన్, శ్రమంబయ్యెడిన్ అని తర్వాత చెప్పనే చెప్పాడు కదండీ. మొదటి లావు చేవ, సామర్థ్యం. లేకపోతే పునరుక్తి.

నల్లకుంట: ఆర్తుడు చెప్పిందే చెబుతాడు. పైగా మీ చేవకు ప్రాస కుదురుతుంది (ఠావుల్, నీవే, రావే), యతి కుదరదు. పాదం మొదటి ‘లా’కు ‘విలోలంబయ్యె’లోని ‘లం’ యతి.

చిక్కడపల్లి: అర్థం అడిగితే ఛందస్సు చెబుతారేమిటి? పద్యంలో మాట మార్చమని నేనన్నానా?

సైదాబాద్: లావును వదిలి ‘లేదు’ను చూడండి. ‘ఈదలేను’లో ఉన్నది ఆ ‘లే’నే. ఈత రాదు వేరు, ఈదలేను వేరు. స్పానిష్‌లోనూ అంతే. ‘నో సే నదార్’ అంటే ఈత నేర్వలేదని. ‘నో పుయెదో నదార్’ అంటే ఈత వచ్చినా కాలికి కట్టుంది కాబట్టి ఈదలేనని. ఇంగ్లీషు రెండింటికీ ‘కాంట్’ పెట్టి ఊరుకుంటుంది. గజేంద్రుడిది రెండోది.

తార్నాక: మరి ‘ఇన్‌కపాస్ దే మెంతిర్’? అబద్ధం ఆడలేడు అంటే చేతకానివాడైపోతాడు. అక్కడ అది పొగడ్త, అబద్ధమాడే మనిషి కాడని.

సైదాబాద్: అందుకే నామవాచకాన్ని పట్టుకుని వేలాడకూడదు. చేయగలిగిందేమీ లేక ఏడ్చాడని క్రియతో చెబితే ఇంగ్లీషూ సాఫీగా సాగుతుంది.

తార్నాక: సాఫీగానే ఉంటుంది, కోపం పోతుంది. ఇంపొతెన్సియాలో పళ్లు కొరుక్కోవడం కూడా ఉంది. ఉక్రోషానికి ఇంగ్లీషు మాట ఉంటే చెప్పండి.

నల్లకుంట: అయితే గజేంద్రుణ్ణి దీంట్లోకి లాగకండి. అతనిది శరణాగతి. కోపం ఎక్కడిది?

చిక్కడపల్లి: అంతకు ముందే ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నాడు. నిష్ఠూరం కాక ఏమిటి?

నల్లకుంట: అది సందేహం.

చిక్కడపల్లి: మా ఒంటిమిట్ట వైపు దాన్ని నిష్ఠూరమనే అంటారు. పోతన మా వాడు కనుక చెబుతున్నాను.

నల్లకుంట: బమ్మెర పోతన ఒంటిమిట్ట వాడెప్పుడయ్యాడు? భాగవతంలో ఆయన చెప్పిన ఏకశిలానగరం అంటే ఓరుగల్లు.

చిక్కడపల్లి: ఒంటిమిట్టకూ ఆ పేరుంది. అక్కడ సీతారామలక్ష్మణులు ఒకే రాతిలో ఉన్నారు, వెళ్లి చూసి రండి.