రోగిని చూసుకునేవారి మనసు కోసం యాప్: ఏమేమి ఉండాలంటారు?

తీగమల్లె:
ఇంట్లో మంచాన పడ్డవారిని, మతిమరుపు జబ్బు వచ్చినవారిని చూసుకునే కుటుంబ సభ్యుల కోసం మేము కొందరం కలిసి ఒక యాప్ తయారు చేస్తున్నాం. రోగి కోసం కాదు, చూసుకునే మనిషి మనసు కోసం. రోజుకోసారి "ఈ రోజు ఎలా ఉన్నారు?" అని అడిగి ఐదు ముఖాలు చూపిస్తాం. ఏడుపు ముఖం ఎరుపు, నవ్వు ముఖం ఆకుపచ్చ. శ్వాస వ్యాయామం, డైరీ, సాటివారితో మాట్లాడుకునే చోటు కూడా ఉంటాయి. చూపు, వినికిడి తగ్గినవారికీ పనికిరావాలన్నది మా పట్టుదల. అక్షరాల పరిమాణం, రంగులు, లాగిన్, నోటిఫికేషన్లు, సాటివారి గది: ఈ అయిదింటి మీద మీ అనుభవం చెప్పండి.

రాత్రికాపలా:
నోటిఫికేషన్లు వద్దు. మిగతా నాలుగింటి సంగతి తర్వాత.

ఇలాంటిదే ఒకటి వాడాను. రోజూ తెరిస్తే ఒక దీపం బొమ్మ వెలుగుతుంది, మానేస్తే ఆరిపోతుంది. నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చి ఐసీయూ బయట కూర్చుని ఉంటే ఫోను మోగింది. "మీ వరుస తెగిపోయింది! మీ కోసం మీరు సమయం కేటాయించుకోవడం లేదు" అట. ఆశ్చర్యార్థకం కూడా వాళ్లదే. అక్కడే తీసేశాను. నన్ను తప్పుపట్టడానికి చుట్టాలు సరిపడా ఉన్నారు, ఇంకొకరిని డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన అవసరం లేదు.

కొలబద్ద:
నేను 14 ఏళ్లుగా యాప్‌ల రూపకల్పనలోనే ఉన్నాను కాబట్టి కాస్త శాస్త్రీయంగా మాట్లాడుకుందాం. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2, అంటే వైకల్యం ఉన్నవారికీ వెబ్ అందేలా చేసే అంతర్జాతీయ నియమాలు, ముందు చదవండి. మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్లు అంటారు, అది చాలదు. ఆండ్రాయిడ్ వారు 48 డీపీ, ఆపిల్ వారు 44 పాయింట్లు అంటారు (రెండూ తెర మీద కొలతలే), వాటిని పట్టుకోండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవారు తక్కువేమీ కాదు, కాబట్టి ముఖాల కింద మాట కూడా రాయండి. ఇక గుర్తుచేయడం మానేస్తే యాప్ ఎవరూ తెరవరు. ఒకరి చేదు అనుభవాన్ని బట్టి నిర్ణయాలు తీసుకోకూడదు.

రాత్రికాపలా:
ఎవరూ తెరవకపోతే అది ఎవరికి నష్టం? నాకా, మీకా?

కొలబద్ద:
తెరవని యాప్ ఎవరి మనసునూ కుదుటపరచదు. ఇది అభిప్రాయం కాదు, తర్కం.

వేలికొసలు:
నాకు చూపు లేదు. అమ్మను చూసుకునేది నేనే. ఈ రెండు మాటలు కలిపి చెబితే ఎదుటివారు కాసేపు మాట్లాడరు. యాప్‌లు చేసేవాళ్లకైతే ఆలోచనే రాదు. లోపం ఉండేది మంచం మీది మనిషికేనని, పక్కన ఉన్నవాడికి కళ్లు, చెవులు, చేతులు అన్నీ సవ్యంగా ఉంటాయని వాళ్ల లెక్క.

మీ ఐదు ముఖాల వంటిదే ఒకటి వాడాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ చదివినది ఇది: "బటన్. బటన్. బటన్. బటన్. బటన్." ఆ రోజు నా మనసు మూడో బటన్‌లా ఉందని నొక్కి ఊరుకున్నాను. శ్వాస వ్యాయామంలో పెరిగి తగ్గే వలయం ఉందట. మాట లేదు, చప్పుడు లేదు. ఫోను సన్నగా వణుకుతున్నంతసేపు ఊపిరి పీల్చాలి, ఆగగానే వదలాలి అని పెట్టడం పెద్ద పని కాదు. చీకట్లో, పక్కన అమ్మ నిద్ర చెడకుండా, ఎవరైనా వాడుకోవచ్చు. కళ్లున్నవాళ్లు కూడా.

కొలబద్ద:
బటన్‌కు పేరు పెట్టకపోవడం కోడ్ రాసినవారి నిర్లక్ష్యం. డబ్ల్యూసీఏజీ 4.1.2 నియమంలో స్పష్టంగా ఉంది. నియమాల తప్పు కాదు.

వేలికొసలు:
నియమాల తప్పని నేను ఎక్కడ అన్నాను?

చిన్నకోడలు:
ఇవన్నీ సరే, మందుల వేళలు గుర్తుచేస్తుందా లేదా? నా మనశ్శాంతి బొమ్మల్లో లేదండీ, రాత్రి మాత్ర వేశానా లేదా అన్న అనుమానం తీరడంలో ఉంది. ఇంకొకటి, ఎవరు ఏ రోజు వచ్చి కూర్చుంటారో రాసుకునే పట్టిక పెట్టండి. అత్తయ్యగారికి ముగ్గురు కొడుకులు, చాకిరీ మాత్రం ఒక్క కోడలిది. మిగతా ఇద్దరూ ఫోనులో సలహాలు చెబుతారు.

దూరపుకొడుకు:
ఫోనులో సలహాలు చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ణి. దూరంగా ఉంటే నిద్ర పడుతుందని మీకు ఎవరు చెప్పారు? అర్ధరాత్రి ఇంటి నంబరు కనిపిస్తే గుండె ఆగినంత పని అవుతుంది. ఈ యాప్ మాకూ కావాలి.

చిన్నకోడలు:
గుండె ఆగినంత పని అయ్యాక మీరు మళ్లీ పడుకుంటారు. నేను పక్క దుప్పటి మార్చాలి.

రాత్రికాపలా:
చిన్నకోడలు గారూ, ఈ మాట రాసి గోడకు తగిలించుకుంటాను.

దూరపుకొడుకు:
ఆ దుప్పటికి డబ్బు ఎవరు పంపుతున్నారో కూడా రాసి తగిలించండి.

నిర్వాహకులు:
దీని కింద వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. తోబుట్టువుల లెక్కలు ఇక్కడ తేలవు. యాప్ గురించి రాయండి.

చదివేచెవి:
నాకు వినపడదు. ఆడియోలు అన్నిటికీ పాఠం, అంటే అందులోని మాటలు రాతలో, ఇవ్వండి. "కళ్లు మూసుకుని ఈ మాటలు వినండి" అనే వ్యాయామాలు మాత్రం పాఠం ఇచ్చినా పనికిరావు, కళ్లు మూసుకుని చదవలేను.

వార్డుసిస్టర్:
ఉద్యోగ విరమణ చేసిన నర్సును. ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను. ముఖాల బొమ్మలతో మనసు కొలవడం కుదరదు. చూసుకునేవారి భారాన్ని కొలవడానికి జారిట్ ప్రశ్నావళి 1980 నుంచే ఉంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది 22 ప్రశ్నలది, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 88. పొట్టిది కావాలంటే 12 ప్రశ్నలది ఉంది. అసలు భారం మాటే ఎత్తకుండా క్షేమం అడగాలంటే డబ్ల్యూహెచ్ఓ-5 ఉంది. అయిదే ప్రశ్నలు, గత రెండు వారాల గురించి. అందులో "ఉత్సాహంగా ఉన్నానా, నిద్ర లేచాక తేలికగా ఉందా" వంటివే ఉంటాయి, ఏడ్చారా అని ఉండదు. ఏది వాడినా అనుమతి నిబంధనలు చూసుకోండి. రోజూ మాత్రం అడగకండి, రెండు వారాలకోసారి చాలు. రోజూ అడిగితే అది కూడా ఇంకో పనే.

వచ్చిన అంకెను ఎర్ర అక్షరాలతో మొహాన కొట్టకండి. రాత్రి రెండింటికి ఒంటరిగా కూర్చున్న మనిషికి "88కి 61" అని చూపించి ఏమి సాధిస్తారు? ఆ తర్వాతి తెరలో ఎవరితో మాట్లాడాలో ఉండాలి.

దీనికన్నా ముఖ్యమైనది ఒకటి. చాలామంది ఆలోచించకుండా కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి తెచ్చి పెట్టేస్తారు. అందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. ఆ ప్రశ్న అడిగి, "దాదాపు ప్రతిరోజూ" అన్న జవాబును సర్వర్లో పడేసి "ధన్యవాదాలు" అనే యాప్‌ను నేను చూశాను. జవాబు అందుకోవడానికి మనిషి సిద్ధంగా లేనప్పుడు ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు లేదు.

తీగమల్లె:
సిస్టర్ గారూ, ఇది మా దృష్టికి రాలేదు. రాసుకున్నాను. ముఖాలు మాత్రం చాలామందికి తేలికగా ఉన్నాయి, అందుకే ఉంచాం.

కొలబద్ద:
నేను మళ్లీ చెబుతున్నాను, వారానికి ఒక్క నోటిఫికేషన్ అయినా లేకపోతే సిస్టర్ గారి ప్రశ్నావళి ఎవరు నింపుతారు?

రాత్రికాపలా:
సరే, మీ వారానికి ఒక్కటి ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి యాప్ తీసేశాక ఇంకొకటి పెట్టుకున్నాను. అది మర్యాద గలది, వారానికి ఒక్కసారే. నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పోయింది కానీ చదవడం వచ్చు. నేను పక్క గదిలో ఉండగా ఆయన దిండు పక్కనున్న నా ఫోను వెలిగింది. "మీరు చూసుకుంటున్న వ్యక్తి మీద ఈ వారం కోపం వచ్చిందా? రాయండి." ఆయన చదివారు. నేను వచ్చేసరికి ఫోను నా వైపు చూపించారు. దీనికి మీ నియమాల్లో ఏ నంబరు ఉంది?

కొలబద్ద:
లాక్ తెర మీద విషయం కనిపించకుండా దాచే సౌకర్యం ఫోనుల్లో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని వాడకపోవడం వాళ్ల తప్పు.

వేలికొసలు:
టాక్‌బ్యాక్ అయితే గట్టిగా చదివి వినిపిస్తుంది. నాకు తెర దాచినా లాభం లేదు. అమ్మ పక్కనే ఉంటుంది. విషయం ఏమిటో నోటిఫికేషన్లో అసలు రాయకండి. యాప్ పేరు కూడా "సంరక్షకుల ఆవేదన" లాంటిది పెట్టకండి.

రాత్రికాపలా:
కొలబద్ద గారూ, ఎప్పుడూ "వాళ్ల తప్పు" అంటారు. ఆ వాళ్లు ఎవరు? మీ రంగంవాళ్లే కదా.

కొలబద్ద:
వ్యక్తిగతంగా తీసుకుంటే చర్చ ఉండదు. నేను తప్పుకుంటున్నాను.

ఒత్తులరావు:
భాష ఏదైనా సరేనని ఇంగ్లీషు కొలతలతో బటన్లు చేస్తే మన అక్షరాలు ఏమవుతాయో చూశారా? ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు. నాలాంటి చత్వారం కళ్లవాడు పెంచుతాడు. బటన్ ఎత్తు మాత్రం పెరగదు. కింది ఒత్తులు తెగిపోతాయి. "కష్టంగా ఉంది" అన్నది "కషంగా ఉంది" అయింది. వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి, బటన్ ఎత్తును గట్టిగా బిగించకండి. ఇది చెప్పినప్పుడల్లా "తర్వాతి వెర్షన్లో" అంటారు.

కొలబద్ద:
ఇది నిజమే. 1.4.4 నియమం: 200 శాతం పెంచినా ఏదీ కోల్పోకూడదు.

రాత్రికాపలా:
తప్పుకున్నారనుకున్నాను.

తడిచేతులు:
లాగిన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఆయనను పక్కకు తిప్పి, శుభ్రం చేసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి యాప్ బయటికి నెట్టేసి ఉంటుంది. సగం రాసిన డైరీ పోయింది. వేలిముద్ర పెట్టమంటుంది. రోజంతా సబ్బుతో కడిగిన చేతులకు వేలిముద్రలు పడవు, చర్మం పగిలిపోయింది. పాస్‌వర్డ్ నిద్రలేని బుర్రకు గుర్తురాదు. వచ్చిన కోడ్‌ను అతికించనివ్వదు, చూసి కొట్టాలి. రాసినది రాసినట్టు ఫోనులోనే దాచండి, నెట్ లేకపోయినా. అంతకన్నా ఏమీ అడగను.

నీలిగడప:
తీగమల్లె గారూ, ఒకటి తప్పకుండా ఆలోచించండి. మనిషి పోయాక ఏమిటి? అమ్మ పోయిన తర్వాత సెట్టింగుల్లో ఎంత వెతికినా ఆ మాట చెప్పే చోటు లేదు. "సంరక్షణ ఆపివేశాను" అన్నది ఒక్కటే ఉంది, అది నొక్కితే కారణం అడిగింది: యాప్ నచ్చలేదా, సమయం లేదా, ఇతరములా? ఇతరములు నొక్కాను. ఖాతా తీసేస్తే డైరీ పోతుందన్నారు. అందులో అమ్మ చివరి నెలలన్నీ ఉన్నాయి. డైరీ దించుకునే వీలు ఇవ్వండి. సాటివారి గదిలోంచి వెంటనే పంపించేయకండి, అక్కడివాళ్లే నాకు మిగిలింది.

తీగమల్లె:
అందరికీ ధన్యవాదాలు. దీపాలు, వరుసలు మా దగ్గర ఉండవు. నోటిఫికేషన్లు మొదట ఆపి ఉంచుతాం, కావాలన్నవారు పెట్టుకుంటారు, విషయం కనిపించదు. ముఖాలకు పేర్లు పెడతాం. నీలిగడప గారు చెప్పినది ఎలా చేయాలో ఇంకా తెలియడం లేదు, ఈ వారం కూర్చుంటాం.

చదివేచెవి:
ఆడియోల పాఠం గురించి పైన అడిగాను. జవాబు లేదు.

తీగమల్లె:
క్షమించండి, పాఠం ఉంటుంది. కళ్లు మూసుకునే వ్యాయామాలకు వేలికొసలు గారు చెప్పిన వణుకు పద్ధతి మీకు సరిపోతుందా?

చదివేచెవి:
సరిపోవచ్చు. పరీక్షకు ఇవ్వండి, చూసి చెబుతాను.

చిన్నకోడలు:
మందుల పట్టిక?

దూరపుకొడుకు:
పెట్టండి. దాన్ని దూరం నుంచి కూడా చూసే వీలుండాలి.

చిన్నకోడలు:
చూడడానికి ఇబ్బంది లేదు. కామెంట్ పెట్టే వీలు మాత్రం వద్దు.