కట్టెల లోడు దిగింది, తూకం సరిగ్గా ఉన్నట్టేనా?

కోడుమూరు దారి అన్నదానం:
అందరికీ నమస్కారం. కర్నూలు నుంచి కోడుమూరుకు వెళ్లే దారిలోని మా ఊరి గుడిలో ప్రతిరోజూ మధ్యాహ్నం సుమారు 200 మందికి భోజనం పెడుతున్నాము. వంటంతా కట్టెల పొయ్యి మీదనే జరుగుతుంది. 2 టన్నుల ఎండు తుమ్మ కట్టెలు తెప్పించుకుంటే 25 రోజులు వచ్చేవి, అంటే రోజుకు 80 కిలోల చొప్పున ఖర్చయ్యేవి. పోయిన నెల కొత్త డిపో నుంచి తెప్పించిన లోడు మాత్రం 18 రోజులకే అయిపోయింది. వంటలు మారలేదు, జనం పెరగలేదు. కాటా చీటీలో లోడు బండి 5,350 కిలోలు, ఖాళీ బండి 3,310 కిలోలు, కట్టెలు 2,040 కిలోలు అని స్పష్టంగా ఉంది. భక్తులు ఇచ్చిన డబ్బుతో కొన్న సరుకు కనుక లెక్క చెప్పవలసిన బాధ్యత నాది. ఎక్కడ తేడా వచ్చి ఉంటుందో, ఇంటి దగ్గర దించుకున్న కట్టెలను సరిచూసుకోవడం ఎలాగో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గుత్తి వంటమేస్త్రీ:
అన్నగారూ, తూకం సంగతికి ముందు పొయ్యి సంగతి చెప్పండి. పొగ ఎక్కువగా వచ్చిందా? మంట అంటుకున్న తరువాత కట్టె రెండవ కొన నుంచి నురగ కట్టి చుయ్యిమని చప్పుడు వచ్చిందా? వచ్చి ఉంటే మీరు కొన్నది పచ్చి కట్టె. పెళ్లి వంటలకు వెళ్లినప్పుడు నేను ముందుగా రెండు పేళ్లు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూస్తాను. ఎండు కట్టె ఠంగుమంటుంది, పచ్చిది మొద్దుగా పలుకుతుంది. ఎండినదాని కొనల మీద నడుమ నుంచి అంచుకు చీలికలు కనిపిస్తాయి, బెరడు గోటితో లాగితే ఊడి వస్తుంది. పై వరుస చూసి మోసపోకండి, లోడు నడుమ నుంచి తీయించి చూడండి. ఎండ తగిలే పై వరుస ఎప్పుడూ బాగానే ఉంటుంది.

కోడుమూరు దారి అన్నదానం:
మీరు చెప్పినట్టే జరిగింది. సంగటి గెలికే అమ్మలు కళ్లు మండుతున్నాయని వారం రోజులు అంటూనే ఉన్నారు, వానకాలం కదా అని నేను సరిపెట్టుకున్నాను. నురగ కూడా వచ్చింది. అయినా చీటీలో 2,040 ఉన్నప్పుడు బరువు బరువే కదా అనే అనుమానం తీరలేదు.

ఆదోని కాటా:
నేను పత్తి లారీలు తూచే వేబ్రిడ్జిలో పన్నెండేళ్లు పని చేశాను. మీ అనుమానానికి రెండు జవాబులు ఉన్నాయి, రెండూ వేరువేరు.

మొదటిది నీరు. 1,000 కిలోల పచ్చి కట్టెలో నీరు 40 శాతం ఉంటే అసలు కట్టె 600 కిలోలే. అదే కట్టె నీరు 20 శాతానికి దిగేదాకా ఎండితే 750 కిలోలు తూగుతుంది. అంటే మీరు టన్ను కట్టెలకు డబ్బు కట్టి, మీకు అలవాటైన ఎండు కట్టె లెక్కన ముప్పావు టన్ను తెచ్చుకున్నట్టు. పైగా ఆ నీరు ఆవిరి కావడానికి కూడా మంటే ఖర్చవుతుంది కనుక, పొయ్యి దగ్గర కనిపించే నష్టం లెక్కలో వచ్చిన దానికంటే ఎక్కువగానే ఉంటుంది.

రెండవది ఖాళీ బండి బరువు, నేను ఎక్కువగా చూసినది ఇదే. లోడు తూచినప్పుడు ఖాళీ బండిని తూచకుండా, ఎప్పుడో తూచిన పాత అంకెను చీటీలో వేస్తారు. ఆ తరువాత ట్రాలీకి ఇనుప కమ్మీలు కట్టించి ఉండవచ్చు, టైర్లు మార్చి ఉండవచ్చు. పెరిగిన ఆ బరువంతా కట్టెల కింద మీ లెక్కలో పడుతుంది. మీ చీటీలో రెండు తూకాల తేదీ, వేళ వేరువేరుగా ఉన్నాయో లేదో చూడండి. రెండింటికీ ఒకే నిమిషం ఉంటే ఖాళీ బండి ఆ రోజు కాటా ఎక్కలేదనే అర్థం. డీజిల్, మనుషుల సంగతి కూడా అంతే. ట్రాక్టరు ట్యాంకు నిండా ఉన్నదానికి, అడుగంటినదానికి సుమారు 50 కిలోల తేడా వస్తుంది. డ్రైవరు, కూలీలు ఒక తూకానికి బండి మీద ఉండి రెండవదానికి దిగితే మరో 150 కిలోలు అటూ ఇటూ అవుతాయి. కనుక రెండుసార్లూ అందరూ దిగాలి, లేదా రెండుసార్లూ అందరూ ఉండాలి. బండి ఎక్కకముందు తెర మీద సున్నా ఉందా అని చూడండి, చక్రాలన్నీ పూర్తిగా పళ్లెం మీదికి వచ్చాయా అని దిగి చూడండి.

కాటా ఎంపిక మీదే కావాలి. లీగల్ మెట్రాలజీ చట్టం 2009 కింద వేబ్రిడ్జికి 12 నెలలకొకసారి తూనికలు కొలతల శాఖ వారు పరీక్ష చేసి ముద్ర వేయాలి, ఆ ధ్రువపత్రం కనిపించేలా పెట్టి ఉండాలి. గడువు దాటిందో లేదో చూడమని అడగడానికి మొహమాటపడకండి. తేడా రుజువుతో దొరికి, అమ్మినవారు వినకపోతే ఆ శాఖ వారికి చీటీ చూపి ఫిర్యాదు చేయవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పవచ్చు.

మైదుకూరు సుబ్బమ్మగారి మనుమడు:
అన్నా, మేము ఇంటికి 300 కిలోలే తెప్పించుకుంటాము. దానికి కూడా వేబ్రిడ్జి కావాలా?

ఆదోని కాటా:
వద్దు తమ్ముడూ. పెద్ద కాటాలు 5 కిలోలు, 10 కిలోల మెట్లలో చూపుతాయి, కొన్ని 20 కిలోల మెట్లలో కూడా చూపుతాయి, చిన్న సరుకుకు ఆ తేడానే ఎక్కువ. మోపులు కట్టించి, వేలాడదీసే కాటాతో ఇంటి ముందే ఒక్కొక్క మోపూ తూచుకుని కూడుకోండి.

ఉరవకొండ మెట్ట రైతు:
మా పల్లె చుట్టుపక్కల కాటా లేదు, 15 కిలోమీటర్లు పోవాలి. అందుకని నేను పేర్పు లెక్క పెట్టుకున్నాను. ట్రాలీ నిండుగా ఉందన్న మాట నమ్మకూడదు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న ట్రాలీలో 120 ఘనపుటడుగులు పడతాయి, కాని వంకర కొమ్మలను అడ్డదిడ్డంగా వేస్తే అందులో సగానికి పైగా గాలే ఉంటుంది. దించిన తరువాత రెండు గుంజలు పాతి, కట్టెలన్నీ ఒకే వైపుకు పెట్టి, సందులు లేకుండా పేర్పించి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలుస్తాను. ఒకసారి గుంతకల్లులో సరిగ్గా తూచి తెచ్చిన ఎండు తుమ్మను ఇలాగే పేర్పిస్తే 100 ఘనపుటడుగులకు దాదాపు 1,100 కిలోలు వచ్చింది. అప్పటి నుంచి అదే నా కొలబద్ద. ఈ అంకెను మీరు తీసుకోకండి. చెట్టు జాతి, నరికిన పొడవు, కట్టె లావు మారితే అంకె మారుతుంది. మీ సరుకుతో మీరే ఒకసారి కట్టుకోండి. మట్టి అంటిన వేర్లు, మొద్దులు వేరే కుప్ప వేయించి చూడండి, బరువులో అవి బాగా కలిసి వస్తాయి.

ప్రొద్దుటూరు అడితి:
మాది మూడు తరాల కట్టెల అడితి. మా తాతగారి కాలంలో 8 వీశెల మణుగు, 20 మణుగుల బారువ లెక్కన అమ్మేవారు, ఎండు కట్టెకు ఒక ధర, పచ్చి కట్టెకు ఒక ధర ఉండేది. ఇప్పుడు కొనేవారు టన్ను ఎంత అని మాత్రమే అడుగుతున్నారు, పచ్చిదా ఎండుదా అని అడగడం లేదు. మేము ఆరు నెలలు ఎండబెడితే ఆ తరుగు మాకే పడుతుంది. అందుకని ఎండు కట్టెకు ఎక్కువ ధర చెబితే, నిన్న నరికినదాన్ని తక్కువ ధరకు ఇచ్చేవారి దగ్గరికి వెళ్తారు. బేరమాడేటప్పుడే ఏ చెట్టు, ఎన్ని నెలల కిందట నరికినది, చీల్చినదా, దుంగలా అని అడిగి చీటీ మీద రాయించుకోండి. సర్కారు తుమ్మ కొమ్మలు ఎండకాలంలో త్వరగా ఎండుతాయి, చింత దుంగలు చీల్చకపోతే ఏడాదైనా లోపల పచ్చిగానే ఉంటాయి. సెప్టెంబరు తరువాత వానల్లో తెచ్చిన సరుకును తూకంతో కొనవలసి వస్తే, తడి తరుగు ఎంత తీసేయాలో ముందే మాట్లాడుకోండి. నిజాయితీగా అమ్మేవారికి ఆ మాట కష్టంగా తోచదు.

కోడుమూరు దారి అన్నదానం:
నెల తరువాత రాస్తున్నాను, మన్నించండి. పాత చీటీ తీసి చూస్తే రెండు తూకాలకూ ఒకే వేళ ఉంది. అదే డిపో నుంచి ఈసారి ఒక టన్నే తెప్పించి, కర్నూలులో ముద్ర గడువు చూసిన కాటా మీద బండిని లోడుతో తూపించాను, కట్టెలు దించిన వెంటనే నేను కూడా వెంట వెళ్లి, డ్రైవరును దించి ఖాళీగా తూపించాను. ఖాళీ బండి 3,310 కాదు, 3,390 వచ్చింది. ట్రాలీ పక్కలకు ఈ ఏడాదే కమ్మీలు వేయించామని డ్రైవరే చెప్పాడు. అంటే పోయిన లోడులో మొదటే 80 కిలోలు పోయాయి, టన్ను 5,000 రూపాయలు అనుకున్నా 400 రూపాయలు.

నీటి సంగతి కూడా చూశాను. లోడు నడుమ నుంచి సరిగ్గా 10 కిలోలు తీసి, సన్నగా చీల్పించి, రేకుల షెడ్డు మీద మూడు వారాలు ఎండబెట్టి తూచితే 7 కిలోల 800 గ్రాములు ఉంది. పోయిన లోడూ ఇలాంటిదే అయితే చీటీలోని 2,040 కిలోలలో ఆ 80 కిలోలు పోగా నాకు అందినది ఎండు లెక్కన సుమారు 1,530 కిలోలు. రోజుకు 80 చొప్పున 19 రోజులు రావాలి, పచ్చి కట్టె మంట కూడా తక్కువ కనుక 18 రోజులకే అయిపోవడంలో వింత లేదు.

డిపో వారికి రెండు చీటీలు, ఎండిన కట్టెలు చూపించాను. ఖాళీ బండి తేడా ఒప్పుకుని 80 కిలోలు ఊరికే పంపారు, పచ్చి కట్టె మాట మాత్రం ముందు మాట్లాడుకోలేదు కనుక కుదరదన్నారు. ఆ మాటలో న్యాయం ఉందనిపించి నేను పట్టుబట్టలేదు. ఇకపై ఏప్రిల్, మే నెలల్లోనే మూడు లోడ్లు కొని, గోడకు ఆనకుండా, కింద రాళ్లు వేసి షెడ్డులో పేర్పించాలని కమిటీలో నిర్ణయించాము. ఖాళీ బండి చీటీ చేతికి వచ్చిన తరువాతే డబ్బు ఇస్తాము. ఉరవకొండ అన్నగారి పేర్పు లెక్కను కూడా మా తుమ్మతో కట్టి చూస్తున్నాను, అంకె తేలగానే ఇక్కడ రాస్తాను.