ఇంటి ముందు రోడ్డు ఎవరిది? విదేశాల్లో పార్కింగ్ గొడవలు, మన అనుభవాలు

రీడింగ్_అద్దె_ఇల్లు
అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో వరస ఇళ్ల వీధిలో అద్దెకుంటున్నాం. వీధిలో ఎవరికీ డ్రైవ్‌వే (ఇంటి ఆవరణలో కారు పెట్టుకునే చోటు) లేదు. పార్కింగ్ వద్దని చెప్పే పసుపు గీతలు లేవు, పర్మిట్ బోర్డులూ లేవు. మాకు రెండు కార్లు. మా ఆవిడ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే వస్తుంది. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కారు పెడుతుంది. ఒక్కోసారి ఆ చోటు పక్కింటాయన కిటికీ ముందు పడుతుంది. ఆయన పెద్దాయన. మొదట వైపర్ కింద చీటీ పెట్టారు, "మీ కారు మీ ఇంటి ముందే పెట్టుకోండి" అని. ఇప్పుడు అక్కడ ఎర్ర కోన్ పెడుతున్నారు. నిన్న మా ఆవిడ ఆ కోన్ పక్కకి జరిపి కారు పెడితే, ఆయన గుమ్మంలోకి వచ్చి "ముప్పై ఏళ్లుగా ఇది నా చోటు" అన్నారట. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన మనిషి కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చే నెల గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. వాళ్ల ముందు ఈ గొడవలు వద్దు. అసలు ఆయనకి ఆ హక్కు ఉందా? నేను వెళ్లి మాట్లాడాలా, ఊరుకోవాలా?

లీసెస్టర్_పాతకాపు
తమ్ముడూ, ముందు చట్టం సంగతి చెప్తా. పబ్లిక్ రోడ్డు మీద ఇంటి ముందు చోటు ఎవరి సొంతమూ కాదు. ఆయనదీ కాదు, మీదీ కాదు. టాక్స్, ఇన్సూరెన్స్, ఎంఓటీ (కారు ఫిట్‌నెస్ పరీక్ష) ఉన్న కారును నిషేధం లేని చోట ఎవరైనా పెట్టుకోవచ్చు. "రోడ్ టాక్స్ కడుతున్నా" అనే మాట ఇక్కడ తరచూ వినిపిస్తుంది. అది బండి మీద పన్ను, దానితో రోడ్డు మీద చోటు రాదు. సొంతంగా కోన్ పెట్టి చోటు ఆపుకునే హక్కు కూడా ఎవరికీ లేదు.

కానీ మీ వైపు నుంచి కొన్ని చూసుకోండి. ఫుట్‌పాత్ అంచును కిందికి దించిన చోటును డ్రాప్డ్ కర్బ్ అంటారు. అక్కడ అడ్డంగా పెడితే కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) జరిమానా వేయొచ్చు. జంక్షన్‌కి 10 మీటర్ల లోపు పెట్టకూడదని ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లోని 243వ నియమం చెబుతుంది. చీకటి పడ్డాక, గుర్తించిన పార్కింగ్ చోట్లలో తప్ప, ఎదురు దిశకు ముఖం పెట్టి కారు ఆపకూడదు. ఈ చివరిది మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే ఆయనతో మాట్లాడండి.

ఒకవేళ లండన్ వైపు మారితే ఇంకో విషయం: అక్కడ ఫుట్‌పాత్ మీద చక్రం ఎక్కించడం 1974 నుంచీ నిషేధం, బోర్డు అనుమతించిన చోట తప్ప. స్కాట్లండ్‌లోనూ 2023 డిసెంబర్ నుంచి ఫుట్‌పాత్ పార్కింగ్‌కు జరిమానా వేస్తున్నారు.

స్లౌ_బాబాయ్
హక్కు మీదే కాబట్టి ధైర్యంగా పెట్టుకోండి. ఒకసారి తగ్గితే ఎప్పటికీ తగ్గాల్సి వస్తుంది. కోన్‌ను పేవ్‌మెంట్ మీద నడిచేవాళ్లకు అడ్డం లేకుండా పెట్టేయండి, అంతే.

సోలిహల్_పద్మ
బాబాయ్ గారూ, మీరన్నది చట్టప్రకారం సరే. కానీ ఆ గోడ అవతలే ఆయన ఉంటారు, ఈ దంపతులు రేపూ ఎల్లుండీ ఆయన్నే చూడాలి. నా అభిప్రాయం వేరు.

రీడింగ్ తమ్ముడూ, ఇక్కడి పెద్దవాళ్లకు ఇంటి ముందు చోటు ఎందుకు అంత పట్టింపో కొంచెం చెప్తా. చాలా వీధుల్లో ఎవరి ఇంటి ముందు వాళ్లే పెట్టుకోవడం రాయని ఒప్పందంలా నడుస్తూ వచ్చింది. అప్పట్లో ఇంటికో కారు. ఇప్పుడు అదే వీధిలో అద్దె ఇళ్లు పెరిగి ఇంటికి రెండు, మూడు కార్లు అయ్యాయి. ఇది మనవాళ్ల వల్ల వచ్చింది కాదు, కానీ కొత్తగా వచ్చిన ముఖం మనదే కాబట్టి కోపం మన మీద పడుతుంది. అది న్యాయం కాదు. అయినా కోపం ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తే మాట్లాడటం తేలికవుతుంది.

ఇంకోటి. ఇంట్లో నడవలేని మనిషి ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. మా వీధిలో ఒకావిడ ఇలాగే ప్రతివాళ్లతో తగువు పడేది. ఇంట్లో మంచాన పడ్డ భర్త ఉన్నాడని, చూసుకునే కేరర్లు రోజుకి చాలాసార్లు వస్తారని, వాళ్లకు కారు ఆపే చోటు దొరక్క ఆలస్యమవుతోందని చాలా రోజుల వరకు ఎవరికీ తెలియలేదు. ఇంటి విషయాలు బయటకు చెప్పుకోవడం ఇక్కడి పెద్దవాళ్లకు నామోషీ. బ్లూ బ్యాడ్జ్ (వికలాంగులకు, నడవలేనివాళ్లకు ఇచ్చే పార్కింగ్ కార్డు) ఉంటే ఇంటి దగ్గర వికలాంగుల పార్కింగ్ చోటు గీయమని కౌన్సిల్‌ను అడగొచ్చు. అలా గీసిన చోటు కూడా ఆ ఇంటివాళ్లకే సొంతం కాదు, బ్లూ బ్యాడ్జ్ ఉన్న ఎవరైనా వాడుకోవచ్చు.

మాట్లాడేటప్పుడు ఒక్కరే వెళ్లండి. సాయంత్రం వేళ, భోజనాల టైమ్ కాకుండా. "హక్కు" అనే మాటతో మొదలుపెట్టొద్దు. మీ ఆవిడ ఏ పని చేస్తుందో, ఏ టైమ్‌కి వస్తుందో చెప్పండి.

నిషికసాయి_తెలుగింటి
టోక్యోలో మా పరిస్థితి పూర్తిగా వేరు. ఇక్కడ రోడ్డు మీద చోటు కోసం గొడవే రాదు, ఎందుకంటే అసలు రోడ్డు మీద కారు ఉంచుకునే వీలే లేదు. కారు రిజిస్టర్ కావాలంటే ఇంటికి 2 కిలోమీటర్ల లోపు మీకు పార్కింగ్ చోటు ఉన్నట్టు పోలీస్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్ తేవాలి. 1962లో వచ్చిన చట్టం ఇది. రోడ్డు మీద ఒకే చోట 12 గంటలకు మించి, రాత్రయితే 8 గంటలకు మించి ఉంచడం నేరం. అందుకే నెలవారీ అద్దెకు పార్కింగ్ చోట్లు ఉంటాయి, చుట్టాలు వస్తే గంటల లెక్కన కాయిన్ పార్కింగ్.

మరి గొడవలు ఎక్కడొస్తాయంటే చిన్న చిన్న విషయాల్లో. కొన్ని పార్కింగ్ స్థలాల్లో "ముందుకు ముఖం పెట్టి ఆపండి" అని బోర్డు ఉంటుంది. వెనక ఇల్లో, మొక్కలో ఉంటాయి, పొగ అటు పోకూడదని. హైదరాబాద్‌లో రివర్స్‌లో పెట్టడం అలవాటైన మనవాళ్లు ఆ బోర్డు చదవలేక రివర్స్‌లోనే పెడతారు. పక్కవాళ్లు మీతో ఒక్క మాట అనరు. ఇంటి యజమానికో, మేనేజ్‌మెంట్ కంపెనీకో చెబుతారు. కొన్నాళ్లకు లిఫ్ట్ దగ్గర ఒక నోటీసు వస్తుంది, అందులో ఎవరి పేరూ ఉండదు. ఆ నోటీసు మీ గురించే అయ్యుండొచ్చు. దాన్ని ఎవరికో అనుకుని వదిలేయడం వల్లే చాలామందికి లీజు రెన్యువల్ దగ్గర ఇబ్బందులొచ్చాయి.

ఇల్లు మారినప్పుడు పక్కిళ్లకూ ఎదుటి ఇళ్లకూ చిన్న కానుక, తువాలో సబ్బుపొడో, పట్టుకెళ్లి పలకరించడం ఇక్కడి పాత ఆచారం. నగరాల్లో తగ్గింది గానీ, కొత్తగా వచ్చిన విదేశీయులు చేస్తే చాలా గౌరవంగా చూస్తారు. ఆ మొదటి పలకరింపు ఉంటే తర్వాత ఫిర్యాదు నేరుగా మన దగ్గరికే వస్తుంది. అది ఎంతో మేలు.

మ్యూనిక్_వాసి
జర్మనీ సంగతి: ఇక్కడ పొరుగువాళ్లు నేరుగానే చెబుతారు, మొహమాటం ఉండదు. వినకపోతే నగర అధికారులకు ఫోన్ చేస్తారు. దాన్ని పగ అనుకోవద్దు, రూల్ తప్పితే చెప్పాలి అనుకుంటారంతే. సాయంత్రం మళ్లీ మామూలుగా హలో అంటారు.

ఇండియాకు సెలవు మీద వెళ్లేవాళ్లు మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి. ఎవరో ఇల్లు మారుతున్నారనో, చెట్లు కొట్టాలనో రోడ్డు మీద తాత్కాలిక నో పార్కింగ్ బోర్డులు పెడతారు. మీరు కారు పెట్టినప్పుడు బోర్డు లేకపోయినా సరే, బోర్డు పెట్టి మూడు పూర్తి రోజులు గడిస్తే కారు ఈడ్చుకెళ్లి ఖర్చు మీ దగ్గర వసూలు చేయొచ్చని 2018లో ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం తేల్చింది. మా స్నేహితుడు విజయవాడలో పెళ్లికి వెళ్లొచ్చేసరికి కారు లేదు. దొంగతనం అనుకుని కంగారుపడ్డాడు. తాళంచెవి ఎవరికైనా ఇచ్చి, వారానికి రెండుసార్లు వీధి చూడమని చెప్పి వెళ్లండి.

మెల్‌బోర్న్_హరిత
ఆస్ట్రేలియాకి కొత్తగా వచ్చినవాళ్లకు ఒక్క మాట. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య గడ్డి పట్టీ ఉంటుంది, నేచర్ స్ట్రిప్ అంటారు. స్థలం కౌన్సిల్‌ది, గడ్డి కోసేది ఆ ఇంటివాళ్లు. దాని మీద కారు పెడితే జరిమానా పడుతుంది, పైగా ఇంటావిడ పెంచుకున్న గడ్డి పాడవుతుంది. రెండో దానికే కోపం ఎక్కువ.

ఫ్రిస్కో_శ్రావణి
టెక్సాస్ నుంచి. మా దగ్గర గొడవలన్నీ శ్రావణమాసంతో మొదలై దీపావళి దాకా సాగుతాయి! వరలక్ష్మీ వ్రతం రోజు సాయంత్రం ఒక్కో ఇంటికి పాతిక, ముప్పై కార్లు వస్తాయి. గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం కూడా అంతే. మన ఊళ్లో పేరంటం అంటే వీధంతా తెలిసిన పండగ, కారు అడ్డమైతే హారన్ కొడితే ఎవరో ఒకరు కిందికొస్తారు, లేదంటే వాచ్‌మన్ చూసుకుంటాడు. ఇక్కడ ఆ వాచ్‌మన్ పాత్ర ఎవరికీ లేదు. పక్కింటివాళ్లకు కనపడేది తెలియని కార్లు మాత్రమే.

అసలు ఇబ్బంది ఎక్కడో గమనిస్తే రెండు చోట్ల. ఒకటి మెయిల్‌బాక్స్. రోడ్డు పక్కన ఉండే డబ్బా ముందు కారు ఉంటే పోస్ట్‌మన్ బండి దగ్గరికి రాలేదు, ఉత్తరాలు వేయకుండా వెళ్లిపోవచ్చు. మందులు పోస్టులో తెప్పించుకునే పెద్దవాళ్లకు అది నిజమైన కష్టం. రెండోది ఫైర్ హైడ్రంట్, దానికి 15 అడుగుల లోపు ఆపకూడదు. చెత్త బండి వచ్చే రోజయితే డబ్బాల ముందు కూడా ఖాళీ ఉంచాలి.

నేనిప్పుడు ఏ పూజకైనా వారం ముందు అటూ ఇటూ నాలుగిళ్లకు చీటీ ఇస్తాను: ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, కారు అడ్డమైతే నా ఫోన్ నంబర్. వచ్చేవాళ్లకు వాట్సాప్ గ్రూపులో ఎక్కడ పెట్టకూడదో ఫోటో పంపుతాను. కొంతమందిని పూజకే పిలుస్తాను. పులిహోర అందరికీ నచ్చుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఉండే స్టూడెంట్లకు: గెస్ట్ పార్కింగ్‌లో రాత్రంతా ఉంచితే అర్ధరాత్రి ఈడ్చుకెళ్తారు. టెక్సాస్‌లో అన్యాయంగా టో చేశారనిపిస్తే 14 రోజుల్లోపు జస్టిస్ కోర్టులో విచారణ కోరొచ్చు. సైన్‌బోర్డులు కనపడేలా ఉన్నాయో లేదో వెంటనే ఫోటోలు తీసిపెట్టుకోండి.

కోవెంట్రీ_నుంచి
అందరూ మంచిగా మాట్లాడమని చెబుతున్నారు. మంచిదే. కానీ ప్రతిసారీ తప్పు మన వైపే వెతకొద్దని నా మనవి. మా పాత ఇంట్లో ఎదుటివాడికి పార్కింగ్ ఒక వంక మాత్రమే. మేం సొంత డ్రైవ్‌వేలో పెట్టుకున్నా తిట్టేవాడు. మా అమ్మ చీర కట్టుకుని బయటికొస్తే "మీ దేశం పోండి" అనేవాడు. స్వీట్లు ఇచ్చినా ఆ మనిషి మారడు.

నేను చేసింది ఇది. తారీఖు, టైమ్, అన్న మాట అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాను. కారులో డ్యాష్‌క్యామ్ పెట్టాను. జాతి పేరుతో దూషిస్తే అది పార్కింగ్ తగువు కాదు, పోలీసులకు చెప్పాల్సిన విషయం. అత్యవసరం కాకపోతే 101, ప్రాణభయం ఉంటే 999. ఫోన్ చేసినప్పుడు జాతి దూషణ అని స్పష్టంగా చెప్పండి, వాళ్లు దాన్ని వేరేగా నమోదు చేస్తారు. ఆఫీసర్ వచ్చి అతనితో మాట్లాడాక అరుపులు ఆగాయి. ఇప్పటికీ పలకరించడు, మాకు అక్కర్లేదు కూడా.

సోలిహల్_పద్మ
మీరు చెప్పింది చాలా ముఖ్యం. అమ్మగారికి అలా జరగడం చదివితే బాధేసింది. చీటీ పెట్టే మనిషి వేరు, దూషించే మనిషి వేరు. రెండోవాడితో ఒంటరిగా మాట్లాడమని నేనూ చెప్పను.

స్లౌ_బాబాయ్
దీనితో నేనూ ఏకీభవిస్తాను. ఇంకో విషయం, కోపంలో హారన్ కొట్టొద్దు. ఆగి ఉన్న కారులోంచి హారన్ కొట్టడం ఇక్కడ చట్టవిరుద్ధం, ప్రమాదం తప్పించడానికైతే తప్ప. ఊళ్లో రాత్రి 11:30 నుంచి పొద్దున 7 దాకా బండి కదులుతున్నా కొట్టకూడదు.

రీడింగ్_అద్దె_ఇల్లు
అందరికీ చాలా థ్యాంక్స్. ఆదివారం సాయంత్రం వెళ్లాను. పద్మక్కా, ఆయన భార్యకు తుంటి ఆపరేషన్ అయింది. డయల్-ఎ-రైడ్ బండి (నడవలేనివాళ్లు ఫోన్ చేసి పిలిపించుకునేది) వారంలో కొన్ని రోజులు పొద్దున వస్తుందట, అది గుమ్మం ముందు ఆగకపోతే ఆవిడ అంత దూరం నడవలేదు. మా ఆవిడ నర్సని తెలియగానే ఆయన మాట తీరే మారింది. ఏ రోజుల్లో బండి వస్తుందో రాసిచ్చారు. ఆ రోజుల్లో మేం వీధి చివర పెడతాం, మిగతా రోజుల్లో కోన్ పెట్టనన్నారు. "నా చోటు" అనే మాట మాత్రం ఆయన వదల్లేదు, నేనూ వాదించలేదు. బ్లూ బ్యాడ్జ్ దరఖాస్తు గురించి చెప్పాను, వాళ్ల అమ్మాయి చూసుకుంటుందన్నారు.

ఇంకో సందేహం. డిసెంబర్‌లో మేమిద్దరం రెండు నెలలు ఇండియా వెళ్తున్నాం. ఒక కారుకి టాక్స్ ఆపేసి ఇక్కడే వీధిలో వదిలేయొచ్చా?

లీసెస్టర్_పాతకాపు
మంచి పని చేశావు తమ్ముడూ. టాక్స్ ఆపేసి వీధిలో వదలడం మాత్రం కుదరదు. సోర్న్ (కారు రోడ్డు మీద వాడటం లేదనే ప్రకటన) అని వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏకి చెబితే మిగిలిన పూర్తి నెలల టాక్స్ వెనక్కి వస్తుంది, నిజమే. కానీ సోర్న్ పెట్టిన కారు పబ్లిక్ రోడ్డు మీద ఉండకూడదు. ఎవరిదైనా డ్రైవ్‌వేలోనో గ్యారేజ్‌లోనో ఉండాలి. వీధిలోనే ఉంచాలంటే టాక్స్, ఇన్సూరెన్స్, ఎంఓటీ మూడూ నడుస్తూ ఉండాలి. ఎంఓటీ మధ్యలో అయిపోతుందేమో ముందే చూసుకో. మ్యూనిక్ సోదరుడు చెప్పినట్టు తాళంచెవి ఎవరికైనా ఇచ్చి వెళ్లు. వాళ్లు కారు కదపాల్సి వస్తే వాళ్ల పేరు నీ పాలసీలో ఉండాలి, వెళ్లే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి చేర్పించు.