అప్‌డేట్: మీరు చెప్పిన సినిమాలు చూశాను

జీవితం, ప్రేమ, అసలు ఎందుకు బతుకుతున్నామనే ప్రశ్న మీద మంచి సినిమాలు చెప్పమని అడిగాను కదా. ఎక్కువమంది చెప్పిన జపాన్ దర్శకుడు కురొసావా ‘ఇకిరు’ (1952)తో మొదలుపెట్టాను.

ఏళ్ల తరబడి ఫైళ్ల మీద ముద్రలు వేసిన ఓ ప్రభుత్వ సెక్షన్ అధికారి, కడుపులో క్యాన్సరని తెలిశాక మురుగుగుంట ఉన్న చోట పిల్లల పార్కు కోసం ప్రతి డిపార్ట్‌మెంట్ చుట్టూ తిరుగుతాడు. కథ ఇంకా చాలా ఉండగానే ఆయన చనిపోతాడు! మిగతాదంతా ఎక్కువగా సంతాపానికి వచ్చిన తోటి ఉద్యోగుల మాటల్లోనే నడుస్తుంది. తాగి, ఏడ్చి, మేమూ ఇకనుంచి ఇలాగే పనిచేస్తామని ఒట్టు పెట్టుకుంటారు. ఆ తర్వాత ఆఫీసులో మళ్లీ అదే తంతు. నాకు ఆయన చావు కంటే ఇదే ఎక్కువ బాధనిపించింది.

‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో రాజు, రాధల ప్రేమ చాలా నచ్చింది. యాభైకి దగ్గరపడ్డాక కూడా ప్రేమ ఇంత సహజంగా ఉంటుందని మన తెరమీద అరుదుగా చూపిస్తారు. విశాఖలోని ఆ ప్రాంతం వాళ్లే చాలామంది నటించారట, అది తెలుస్తూనే ఉంటుంది.

‘మిథునం’ (2012) మాత్రం అమ్మతో కలిసి చూడండి.

స్వీడన్ దర్శకుడు బెర్గ్‌మన్ ‘వైల్డ్ స్ట్రాబెర్రీస్’ (1957) మిగిలింది. ఈ ఆదివారం చూస్తాను. పేర్లు చెప్పిన అందరికీ థ్యాంక్స్.