ఎనిమిది నెలలైనా చాప చివరే కూర్చుంటున్నారు, వాళ్లని మనలో కలుపుకోవడం ఎలా?

చిన్నసంఘం_యూత్:
అందరికీ వందనాలు. మాది గుంటూరు జిల్లాలో చిన్న సంఘం, ఆదివారం నూట ఇరవై మంది దాకా వస్తారు. కోల్డ్ స్టోరేజీలో పనికని శ్రీకాకుళం వైపు నుంచి మూడు కుటుంబాలు వచ్చి ఎనిమిది నెలలైంది. ఒక్క వారం కూడా మానరు, కానీ గుమ్మం దగ్గర చెప్పుల పక్కన చాప చివర కూర్చుంటారు, ఆశీర్వాదం అవ్వగానే పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతారు. మావాళ్లు ఎవరూ ఒక్క మాట తప్పుగా అనలేదు, ప్రైజ్ ద లార్డ్ అంటాం, నవ్వుతాం, అంతే. మొన్న వాళ్లల్లో ఒకావిడ జ్వరంతో నాలుగు రోజులు గవర్నమెంట్ ఆస్పత్రిలో ఉందంట, ఆ సంగతి మాకు కిరాణా కొట్టాయన చెప్తే తెలిసింది, అప్పటికే ఇంటికి కూడా వచ్చేసింది. మా అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. యూత్ తరఫున వెల్కమ్ ప్రోగ్రాం పెట్టి శాలువాలు కప్పుదాం అనుకుంటున్నాం, ఇంకా ఏం చేస్తే బాగుంటుందో చెప్పండి ప్లీజ్.

సండేస్కూల్_టీచరమ్మ:
తమ్ముడూ శాలువాలు వద్దు. శాలువా చుట్టాలకి కప్పుతాం, ఇంట్లోవాళ్లకి కప్పం కదా. వాళ్లకి పని చెప్పండి. మా సంఘంలో కూడా ఇలాగే ఒకావిడ వెనక కూర్చునేది, వాక్యం చదవమంటే భయపడిపోయింది, తర్వాత తెలిసింది చదువు రాదని, అందరి ముందూ అడిగినందుకు నాకు ఇప్పటికీ బాధే. తర్వాత బల్లారాధన (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) రోజు తెల్లగుడ్డ ఉతికి పరిచే పని మీరు చూస్తారా అని ఇంటికెళ్లి అడిగాం. ఆ పని ఇప్పటికీ ఆవిడదే, ఆవిడ ఊరెళ్తే ముందే మాకు అప్పజెప్పి వెళ్తుంది. ఇంకోటి, శుక్రవారం కూడిక వాళ్లింట్లో పెట్టుకుంటారేమో అడగండి, ఒకే గది అయితే వాకిట్లో కూర్చోవచ్చు, కాకపోతే టిఫిన్లు అవీ పెట్టించకండి, టీ చాలు, అప్పు చేసి మరీ పెడతారు పాపం.

గుండ్లకమ్మ_గట్టు:
బ్రదర్ ఒక మాట సూటిగా అడుగుతా ఏమనుకోకండి, వాళ్లు వచ్చిన మొదటి వారం మీ పెద్దలు ఎవరైనా ఇంటిపేరేంటి, ఊళ్లో ఏ పక్క ఇల్లు అని అడిగారా? మన దగ్గర ఆ ప్రశ్నకి అర్థం అందరికీ తెలుసు, అడిగినవాళ్లకీ తెలుసు చెప్పినవాళ్లకీ తెలుసు. మాలలు ఒక సంఘం మాదిగలు ఒక సంఘంగా ఉన్న ఊళ్లు మా ప్రకాశం జిల్లాలోనే ఉన్నాయి, మధ్యలో ఒక్క రోడ్డు అడ్డం, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి అందరం ఒకటే అనేది ఎటు పోతుందో తెలీదు. ఒంగోల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పని మొదలుపెట్టిన కొత్తలో, 1860ల్లో, మాదిగలని చేర్చుకుంటే మేం రాం అని పైకులాలవాళ్లు అంటే ఆయన మాదిగల్నే చేర్చుకున్నాడు. తర్వాత 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఒడ్డున దిగినవాళ్ల మనవలం మనం, చాప చివర ఇంకొకళ్లని కూర్చోబెడితే నాకు గుండె మండుతుంది. ముందు ఆ ప్రశ్న అడగడం ఆపించండి.

విజయనగరం_పిల్ల:
నేను ఆ చాప చివర కూర్చున్న మనిషిని అండి. హైదరాబాద్ వచ్చిన కొత్తలో ఒకసారి సంఘంలో లేచి సాక్ష్యం చెప్తే నా యాసకి ఇద్దరు ముగ్గురు నవ్వారు, చెడ్డ ఉద్దేశంతో కాకపోవచ్చు, కానీ తర్వాత రెండేళ్లు నోరు విప్పలేదు. ఒక వారం వెళ్లలేదు, సోమవారం పొద్దున్నే ఒక పెద్దావిడ ఫోన్ చేసి నిన్న రాలేదేం తల్లీ, ఒంట్లో బాగుందా అని అడిగారు, నా నంబర్ ఎవరి దగ్గర తీసుకున్నారో కూడా తెలీదు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. నేను రాకపోతే తెలిసే మనిషి ఒకరున్నారు అనిపించింది. ఆ తర్వాత వారం ఆవిడ పక్కన చోటు ఉంచారు, ఇప్పటికీ అక్కడే కూర్చుంటాను. వాళ్ల పిల్లల యాసకి సండే స్కూల్లో ఎవరైనా నవ్వుతున్నారేమో ఒకసారి చూడండి దయచేసి.

పల్లె_పాస్టర్:
అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం పెద్దలతో కూర్చుని చదవండి. తొలి సంఘంలో రోజూ పంచిపెట్టే దాంట్లో మా విధవరాళ్లని చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు ఇకనుంచి మేమే బాగా పంచుతాం అనలేదు, ఏడుగురిని ఎంచుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, ఏడూ గ్రీకు పేర్లే! ఫిర్యాదు చేసినవాళ్ల వైపు నుంచే ఎంచి పెత్తనం వాళ్ల చేతికిచ్చినట్టుంది. మీ దగ్గర కానుక లెక్కపెట్టేది ఎవరు? క్రిస్మస్ కమిటీలో ఎవరున్నారు? నేను పదకొండేళ్లు సేవ చేశాక గానీ ఈ అధ్యాయాన్ని అలా చదవలేదు, అందుకు దేవుణ్ణి క్షమించమని అడిగాను.

చిన్నసంఘం_యూత్:
అందరికీ చాలా థాంక్స్. గుండ్లకమ్మ అన్నా, అడిగారు, మా బాబాయే అడిగాడు, నిన్న రాత్రి ఇంట్లో దానిమీద పెద్ద గొడవైంది, ఇంకా తేలలేదు. శాలువాలు క్యాన్సిల్. నేనూ అమ్మా వాళ్లింటికి వెళ్లాం, ఆస్పత్రి సంగతి తెలుసుకోనందుకు అమ్మ క్షమాపణ అడిగింది, ఆవిడేమో మీకు చెప్పొచ్చని మాకు తెలీదమ్మా అంది, ఆ మాటకి నాకు నోట మాట రాలేదు. వాళ్లాయన ఊళ్లో డోలక్ వాయించేవాడంట, ఎనిమిది నెలల్లో మేం ఒక్కళ్లం కూడా అడగలేదు. ఈ శుక్రవారం కూడిక వాళ్ల వాకిట్లోనే, పాలూ పంచదారా అమ్మ తీసుకెళ్తోంది, చాపలు మేం మోస్తాం. సంఘం డోలక్‌కి ఒక పక్క చర్మం వదులైంది, రేపు తెనాలి తీసుకెళ్లి బిగించుకొస్తా.