కోల్డ్ బ్రూకి ఖరీదైన లైట్ రోస్ట్ గింజలు దండగేనా?

రాత్రిపక్షి:
కోల్డ్ బ్రూ, అంటే చన్నీళ్లలో నానబెట్టే కాఫీ కోసం దోరగా వేయించిన ఇథియోపియా గింజలు ముచ్చటపడి కొన్నాను. 60 గ్రాములు పొడి చేసి అర లీటరు నీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే వడగడితే కాఫీ కాదు, పలచటి టీ నీళ్లు దిగాయి. మా తమ్ముడు ‘డబ్బులు నీళ్లలో పోశావ్, నిజంగానే’ అని ఒకటే నవ్వు. కోల్డ్ బ్రూకి డార్క్ రోస్టే వాడాలంటారా?

చేదుమాత్ర:
మీ తమ్ముడే కరెక్టండీ. అలాంటి గింజలకి అంత డబ్బు పెట్టేది పువ్వుల వాసన కోసం, నిమ్మ లాంటి పులుపు కోసం. అవి విచ్చుకోవాలంటే వేడి నీళ్లు పడాలి, చన్నీళ్లలో పులుపు సరిగ్గా దిగదు. పైగా దోర గింజ గట్టిగా ఉంటుంది. బాగా వేగిన గింజ గుల్లబారి ఉంటుంది కాబట్టి చన్నీళ్లకి కూడా సారం ఇట్టే వదిలేస్తుంది, కోకో రుచితో చిక్కగా వస్తుంది. చవకది కొనుక్కోండి, హాయిగా ఉండండి.

మూడోకప్పు:
తప్పంతా గింజల మీదకి తోసేస్తే ఎలా? రాత్రిపక్షి గారూ, ఎన్ని గంటలు నానింది? పొడి ఎంత ముతక?

రాత్రిపక్షి:
10 గంటలు. మిరియాలు కచ్చాపచ్చాగా దంచినంత.

మూడోకప్పు:
అదీ సంగతి. అంత ముతక పొడికి ఫ్రిజ్ చల్లదనంలో 10 గంటలు ఏం సరిపోతాయి? నేను ఒకే గింజతో రెండు సీసాలు పెట్టి చూశా, ఒకటి మీలాగే, రెండోది పంచదార పలుకంత సన్నగా మరపట్టి 18 గంటలు. మొదటిది మీకు వచ్చినట్టే వచ్చింది, రెండోదాని మూత తీయగానే బెర్రీ పళ్ల వాసన గుప్పుమంది. అయితే నాది నేచురల్, అంటే పండుతో సహా ఎండబెట్టిన రకం, ఆ పళ్ల వాసన చన్నీళ్లలోనూ నిలబడుతుంది. వాష్డ్, అంటే గుజ్జు కడిగేసి ఎండబెట్టిన రకమైతే మాత్రం చేదుమాత్ర గారితో నాకు పేచీ లేదు. ప్యాకెట్ వెనక చూడండి.

ఫ్యాన్‌రెక్కలు:
మధ్యలో నా గోల. చిక్కదనం కోసం రోబస్టా రకం గింజల జోలికి మాత్రం వెళ్లకండి, అరబికా రకం కంటే కెఫీన్ దాదాపు రెట్టింపు. నీళ్లు కలపకుండా సాయంత్రం గ్లాసుడు తాగి తెల్లారేదాకా పైకి చూస్తూ పడుకున్నా, నా పేరు అలా వచ్చిందే.

చేదుమాత్ర:
సరే, 18 గంటలకి వాసన వచ్చిందనే అనుకుందాం. అందులో పాలు పోశాక, ఐస్ కరిగాక ఏం మిగులుతుంది?

మూడోకప్పు:
పాలెవరు పొయ్యమన్నారండీ!

రాత్రిపక్షి:
చూశా. వాష్డ్. మిగిలిన గింజలు ఇక వేడి నీళ్లకే. ఖాళీ సీసాలో తమ్ముడు అప్పుడే తన నల్లటి పొడి నానబెట్టేశాడు, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.