లైసెన్స్ సస్పెండ్ అయిన డ్రైవర్ యాక్సిడెంట్ చేస్తే ఇన్సూరెన్స్ ఇవ్వాలా వద్దా? తేల్చండి

క్లెయిమ్_కష్టాలు:
అందరికీ నమస్తే. పోయిన నెల మా డ్రైవర్ కారు తీసుకెళ్తూ డివైడర్‌కి గుద్దాడు, ఆ ఊపులో పక్కన పోతున్న బైక్‌కి తగిలి పాపం ఆయనకి కాలు విరిగింది. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, ఆరేళ్లుగా ప్రీమియం ఒక్కరోజు లేట్ చెయ్యలేదు, ఒక్క క్లెయిమ్ పెట్టలేదు. డ్యామేజి లెక్క కట్టే కంపెనీ సర్వేయర్ వచ్చాడు, ఫోటోలు తీసుకున్నాడు, రిపేరు రెండు లక్షల ఎనభై వేలు అన్నారు, ఇక వచ్చేస్తుంది అనుకుంటుంటే రిజెక్షన్ లెటర్ వచ్చింది. యాక్సిడెంట్ రోజుకి డ్రైవర్ లైసెన్స్ సస్పెన్షన్‌లో ఉందట. వాడి సొంత బైక్ మీద తాగి దొరికితే 3 నెలలు సస్పెండ్ చేశారట, నాకు తెలీదు. పనిలో పెట్టుకున్నప్పుడు లైసెన్స్ చూశాను, జిరాక్స్ తీసి దాచాను, ఇంకేం చెయ్యాలి చెప్పండి. యాక్సిడెంట్ రోజు వాడు చుక్క ముట్టలేదు, టెస్టులో కూడా ఏమీ రాలేదు.
సస్పెండ్ చేస్తే మనిషికి డ్రైవింగ్ మర్చిపోతుందా? ఆ సస్పెన్షన్‌కీ ఈ గుద్దుడుకీ సంబంధం ఏంటి? కంపెనీ చేసింది న్యాయమేనా?

బండి_బాబాయ్:
న్యాయం కాదు. నూటికి నూరుపాళ్లు ఎగ్గొట్టే బేరమే. ప్రీమియం తీసుకునేటప్పుడు ఎవడైనా డ్రైవర్ లైసెన్స్ అడిగాడా? అడగడు. డబ్బులు ఇవ్వాల్సొచ్చేసరికి భూతద్దం పట్టుకుని వెతుకుతారు. వదలకండి.

నల్లకోటు_వద్దు:
బాబాయ్, ఆవేశం బానే ఉంది కానీ పాలసీ కాగితం ఎప్పుడైనా తిరగేశారా. అందులో డ్రైవర్ క్లాజ్ అని ఒకటి ఉంటుంది, అన్ని కంపెనీలకీ దాదాపు ఒకటే మాట: బండి నడిపేవాడికి యాక్సిడెంట్ టైంకి చెల్లే లైసెన్స్ ఉండాలి, లైసెన్స్ ఉంచుకోడానికి గానీ పొందడానికి గానీ అనర్హుడై ఉండకూడదు. ఆ రెండో ముక్క సరిగ్గా సస్పెన్షన్ గురించే. మోటారు వాహనాల చట్టం 23వ సెక్షన్ ప్రకారం అనర్హత ఆర్డర్ పడ్డ కాలమంతా లైసెన్స్ చెల్లదు, కార్డు జేబులో ఉన్నా లేనట్టే. సంతకం పెట్టిన కాగితంలోనే ఉన్నప్పుడు మోసం అంటే ఎట్లా?

బండి_బాబాయ్:
ఆ అక్షరాలు చీమలకి కూడా కనపడవు, మాకెక్కడ కనపడతాయి.

మాజీ_సర్వేయర్:
పద్దెనిమిదేళ్లు ఈ పనే చేశాను కాబట్టి లోపలి సంగతి చెప్తా. క్లెయిమ్ ఫారంలో డ్రైవర్ పేరు, లైసెన్స్ నంబర్ రాయిస్తారు కదా, వెంటనే ఆ నంబర్ సారథి అనే సర్కారు లైసెన్సుల వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తారు. నంబరూ పుట్టినతేదీ ఉంటే ఎవరైనా చూడొచ్చు, స్టేటస్ అక్కడే కనపడుతుంది. ఒకప్పుడు ఆర్టీఏ ఆఫీసుకి మనిషిని పంపి రిపోర్ట్ తెప్పించుకోవాల్సొచ్చేది, చాలా కేసులు అట్లా తప్పించుకుపోయేవి, ఇప్పుడు ఫోన్లో రెండు నిమిషాల పని. ఇందులో నాకు కంపెనీ దుర్మార్గం ఏమీ కనపడట్లా. ఇంకోటి, కొంతమంది భయపడి నడిపినవాడి పేరు బదులు బావమరిది పేరు రాసేస్తారు, అది మాత్రం చచ్చినా చెయ్యకండి, ఎఫ్ఐఆర్‌లో ఒక పేరు ఫారంలో ఒక పేరు ఉంటే రావాల్సింది కూడా పోతుంది, పైగా మోసం కేసు.

కోర్టుపక్షి:
ఇక్కడ అందరూ రెండు వేర్వేరు క్లెయిములు కలిపేసి కొట్టుకుంటున్నారు. కాలు విరిగినాయనది థర్డ్ పార్టీ. కారు రిపేరు ఓన్ డ్యామేజ్. ఈ రెండింటికీ కోర్టుల లెక్క పూర్తిగా వేరు.
థర్డ్ పార్టీ సంగతి ముందు. 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది, డ్రైవర్‌కి సరైన లైసెన్స్ లేదు అని చూపించినంత మాత్రాన కంపెనీ చేతులు దులుపుకోడానికి లేదు. ఓనరు తెలిసి ఇచ్చాడనో, జాగ్రత్త తీసుకోలేదనో కంపెనీయే రుజువు చెయ్యాలి. రుజువు చేసినా సరే, చాలా కేసుల్లో ముందు దెబ్బ తగిలినవాడికి కట్టు, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకో అంటారు. ఎందుకంటే రోడ్డు మీద పోయేవాడికి మీ డ్రైవర్ లైసెన్స్ గొడవతో పనేంటి, వాడి కాలు విరిగింది అంతే. కాబట్టి ఆ బైక్ ఆయన క్లెయిమ్ యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో నడుస్తుంది, ఆయనకి డబ్బు అందుతుంది అని నా నమ్మకం.
ఇప్పుడు అసలు చేదు. 2007లో లక్ష్మీనారాయణ్ ధుత్ కేసులో అదే సుప్రీంకోర్టు, స్వరణ్ సింగ్‌లో ఇచ్చిన ఆ వెసులుబాటు థర్డ్ పార్టీకే, ఓనరు సొంత బండి డ్యామేజికి వర్తించదు అని తేల్చింది. ఓన్ డ్యామేజ్ అనేది మీకూ కంపెనీకీ మధ్య కాంట్రాక్టు, అక్కడ రాసుకున్న షరతే రాజు. కాబట్టి రెండు లక్షల ఎనభై వేల విషయంలో మీ దారి చాలా ఇరుకు.

క్లెయిమ్_కష్టాలు:
అంటే బైక్ ఆయనకి కంపెనీ కట్టి ఆ డబ్బు మళ్లీ నా దగ్గరే వసూలు చేస్తుందా?? అది ఎంతవుతుందో కూడా తెలీదు కదా, కాలు అంటున్నారు ఆపరేషన్ అంటున్నారు

కోర్టుపక్షి:
చెయ్యొచ్చు. అందుకే ట్రిబ్యునల్ నోటీసు వస్తే పక్కన పడెయ్యకుండా తప్పకుండా వెళ్లండి, మీకు తెలీదు అన్న విషయం అక్కడ రికార్డులో పడాలి. చాలామంది కంపెనీ లాయర్ చూసుకుంటాడులే అని పోరు, ఆ లాయర్ ఈ ఒక్క పాయింట్ మీద మీకు ఎదురు పార్టీ అని గుర్తుపెట్టుకోండి.

టాప్‌గేర్_తమ్ముడు:
అన్నా నాకు ఒకటి అర్థం కాదు. హెల్మెట్ పెట్టుకోలేదని కూడా 3 నెలలు సస్పెండ్ చెయ్యొచ్చు అని 2019 సవరణలో పెట్టారు కదా (194డి), ట్రిపుల్ రైడింగ్‌కీ అంతే. సో ఒకడు టూవీలర్ మీద హెల్మెట్ లేక దొరికాడు, లైసెన్స్ సస్పెండ్ అయింది, వాడే రెండు వారాల తర్వాత కారు జాగ్రత్తగా నడుపుతుంటే ఎనకనుంచి లారీ వచ్చి గుద్దింది. ఇందులో వాడి తప్పు ఏముంది? హెల్మెట్‌కీ లారీకీ ఏం చుట్టరికం?

నల్లకోటు_వద్దు:
చుట్టరికం లేదు. కానీ ఆ కేసులో లారీ వాడిది తప్పు కాబట్టి లారీ ఇన్సూరెన్స్ మీద వెళ్లాలి, సొంత పాలసీ మీద కాదు.

కోర్టుపక్షి:
తమ్ముడు అడిగింది మంచి ప్రశ్న. 2008లో సుధీర్ కుమార్ రాణా కేసని ఉంది, లైసెన్స్ లేని మైనర్ కుర్రాడు టూవీలర్ నడుపుతుంటే మినీ ట్రక్కు గుద్దింది, లైసెన్స్ లేదు కాబట్టి కుర్రాడి తప్పు కూడా ఉంది అని పరిహారంలో కోత పెట్టారు. సుప్రీంకోర్టు కుదరదంది. లైసెన్స్ లేకుండా నడపడం నేరమే, దానికి శిక్ష వేరే, కానీ అదొక్కటే పట్టుకుని యాక్సిడెంట్‌లో నీ నిర్లక్ష్యం కూడా ఉంది అనకూడదు. అంటే ఎదుటి బండి మీద మీరు వేసే క్లెయిమ్‌లో సస్పెన్షన్ పెద్ద అడ్డం కాదు. మీ సొంత పాలసీ దగ్గరికి వచ్చేసరికే తలుపు మూసుకుంటుంది. నాకు వ్యక్తిగతంగా ఇది సబబు అనిపించదు, ఒకే మనిషి, ఒకే సస్పెన్షన్, ఒకచోట లెక్కలోకి రాదు ఇంకోచోట అదే మొత్తం. కానీ ఇప్పుడున్న చట్టం అది.

మాజీ_సర్వేయర్:
నేను ఒప్పుకోను సార్. తాగి నడిపి పట్టుబడినవాడూ మామూలోడూ కంపెనీకి ఒకటే రిస్కా? సస్పెన్షన్ అనేది ఈ మనిషి ఇప్పుడు రోడ్డు మీద ఉండకూడదు అని సర్కారు చెప్పిన మాట. ఆ మాట కాదని నడిపితే మోటారు వాహనాల చట్టం 182వ సెక్షన్ కింద 10,000 ఫైనో 3 నెలల జైలో, రెండూనో. ఆ మనిషి చేసిన డ్యామేజికి మిగతా పాలసీదారుల డబ్బులోంచి కట్టాలా? కొత్త బండి కొన్నవాడి ప్రీమియం ఎందుకు పెరుగుతోంది అని తిట్టేదీ మీరే.

బండి_బాబాయ్:
తాగినోడికి వద్దు సార్, ఓనరుకి ఇమ్మంటున్నాం. ఓనరు ఏం పాపం చేశాడు?

పల్లెవెలుగు_ఫ్యాన్:
నా కేసు కొంచెం వేరే. మా తమ్ముడి లైసెన్స్ ట్రాఫిక్ పోలీసులు సిగ్నల్ జంప్‌కి లాక్కున్నారు, రసీదు ఇచ్చారు, ఆర్డర్ ఏమీ రాలేదు ఇంకా. ఆ రసీదు మీద నడపొచ్చు అని వాడంటాడు. నిజమేనా? ఇప్పుడు ఏదన్నా అయితే ఇన్సూరెన్స్ వస్తుందా?

టాప్‌గేర్_తమ్ముడు:
నడపొచ్చు బ్రో, లాక్కోవడం వేరు సస్పెండ్ వేరు. ఆర్డర్ వచ్చేదాకా లైసెన్స్ బతికే ఉన్నట్టు.

కోర్టుపక్షి:
ఆగండాగండి, ఇది సగం నిజం, సగం నిజమే మనుషుల్ని ముంచేది. 206 సెక్షన్‌లో రెండు రకాల రసీదులు ఉన్నాయి. పాత పద్ధతిలో, సమన్లకి రాడేమో అని పోలీసు లైసెన్స్ తీసుకుంటే ఇచ్చే రసీదు మీద అందులో రాసిన తేదీ దాకా నడపొచ్చు. కానీ 2019లో చేర్చిన నాలుగో ఉపసెక్షన్ వేరు. స్పీడు, డేంజరస్ డ్రైవింగ్ (184వ సెక్షన్, సిగ్నల్ జంప్, ఫోన్ చూస్తూ నడపడం ఇందులోకే వస్తాయి), తాగి నడపడం, రేసులు, ట్రిపుల్స్, హెల్మెట్, అంబులెన్స్‌కి దారివ్వకపోవడం, వీటికి లైసెన్స్ తీసుకుని సస్పెన్షన్ కోసం ఆర్టీఏకి పంపితే ఆ రసీదుతో నడిపే హక్కు రాదు, లైసెన్స్ తిరిగి చేతికొచ్చేదాకా స్టీరింగ్ ముట్టకూడదు. ఆ రసీదు మీద ఏ సెక్షన్ రాశారో చూడమనండి ముందు.
అట్లాగని కంపెనీ ఆ రసీదు చూపించి 'సస్పెండ్ అయింది' అంటే ఊరుకోకండి, 19వ సెక్షన్ కింద సస్పెన్షన్ అంటే లైసెన్సింగ్ అథారిటీ ఆ మనిషి వాదన విని కారణాలు రాసి ఇచ్చే ఆర్డర్, దాని మీద 30 రోజుల్లో అప్పీలుకి కూడా వెళ్లొచ్చు. ఆ ఆర్డర్ తేదీ ఏంటి, యాక్సిడెంట్ తేదీ ఏంటి, కొన్నిసార్లు కేసు మొత్తం ఈ రెండు తేదీల మధ్యే ఉంటుంది.

పల్లెవెలుగు_ఫ్యాన్:
184 అని రాసుంది సార్ 😐 బండి తాళాలు మా అమ్మకి ఇచ్చేశా.

నల్లకోటు_వద్దు:
మళ్లీ అసలు టాపిక్. ఓనరుకి తెలీదు అనేది ఎంతవరకు చెల్లుతుంది? లైసెన్స్ జిరాక్స్ ఒకసారి చూస్తే చాలా, ప్రతినెలా చూడాలా?

కోర్టుపక్షి:
దీని మీద రెండు తీర్పులు చెరో వైపు లాగుతాయి. 2022లో రిషిపాల్ సింగ్ కేసులో, డ్రైవర్ చూపించిన లైసెన్స్ అసలుదా నకిలీదా అని ఓనరు ఆర్టీఏకి వెళ్లి ఎంక్వైరీ చెయ్యక్కర్లేదు, చూడ్డానికి సరిగ్గా ఉండి, మనిషికి డ్రైవింగ్ వస్తే చాలు అన్నారు. 2020లో బేలీరామ్ కేసులో మాత్రం లైసెన్స్ గడువు అయిపోయి మూడేళ్లు, ఓనరు పట్టించుకోలేదు, గడువు ఎప్పుడో కార్డు మీదే ఉంటుంది కదా చూసుకోవాల్సిన బాధ్యత నీదే అని కంపెనీని వదిలేసి ఓనరు మీద వేశారు. సస్పెన్షన్ ఈ రెండింటికీ మధ్యలో ఉంది. కార్డు మీద కనపడదు, కాబట్టి ఓనరుకి కొంచెం అనుకూలం. కానీ వెబ్‌సైట్‌లో కనపడుతుంది, కాబట్టి రేపు ఏ జడ్జి అయినా 'రెండు నిమిషాల పని ఎందుకు చెయ్యలేదు' అని అడగొచ్చు. జీతానికి డ్రైవర్‌ని పెట్టుకున్నవాళ్లు ఒకటో తారీకు జీతం వేసేముందు ఆ నంబర్ కొట్టి స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

బండి_బాబాయ్:
ఇంట్లో పిల్లలదైతే ప్రతి ఒకటో తారీకు కొట్టాలా? కొడుకు పట్టుబడితే ముందు దాచేది తండ్రి దగ్గరే కదా 😂

మాజీ_సర్వేయర్:
ఇంట్లోవాళ్ల కేసుల్లో తెలీదు అంటే ఎవడూ నమ్మడు బాబాయ్, ఒకే కప్పు కింద ఉంటూ కోర్టు ఫైన్ కట్టింది తెలీదంటే. క్లెయిమ్_కష్టాలు గారూ, మీరు ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే ఓంబుడ్స్‌మన్‌కి వెళ్లండి, ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, వాళ్లు కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, దానికి రెండేళ్లు టైం. 2010లో అమలేందు సాహూ కేసులో షరతు తప్పినా 75 శాతం ఇమ్మన్న తీర్పు ఉంది, దాన్ని నాన్-స్టాండర్డ్ అంటాం, అడిగి చూడొచ్చు. కానీ అది బండిని అద్దెకి తిప్పిన కేసు, లైసెన్స్ కేసు కాదు, 2014లో నరీందర్ సింగ్ కేసులో రిజిస్ట్రేషన్ చెల్లని బండికి పైసా కూడా ఇవ్వక్కర్లేదన్నారు. కాబట్టి వస్తే అదృష్టం అనుకోండి. మీకు తెలీదు అనేది మాత్రం గట్టిగా నిలబడాలి. ఒకటి అడుగుతా, ఆ మూడు నెలల్లో డ్రైవర్ సెలవు ఏమన్నా పెట్టాడా?

క్లెయిమ్_కష్టాలు:
ఒక రోజు పెట్టాడు సార్. యాక్సిడెంట్‌కి నెల ముందు అనుకుంటా.

మాజీ_సర్వేయర్:
ఎందుకని చెప్పాడు?

క్లెయిమ్_కష్టాలు:
వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ఇప్పుడే వెనక్కి వెళ్లి చూశా. "సార్ రేపు కోర్టు పని ఉంది రాలేను" అని ఉంది. నేను థంబ్స్ అప్ కొట్టా. పొలం తగాదా అనుకున్నా నిజంగా, వాళ్ల ఊళ్లో ఏదో ఉందని ఎప్పుడో అన్నాడు.

నల్లకోటు_వద్దు:
అయ్యో

బండి_బాబాయ్:
కోర్టు అంటే వంద పనులుంటాయి, అదేం రుజువు?

కోర్టుపక్షి:
రుజువు కాదు. కానీ డ్రైవర్‌ని సాక్షిగా పిలిస్తే వాడు ఏం చెప్తాడన్నదే ప్రశ్న. ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకండి, వాడి ఫోన్లో ఎలాగూ ఉంటుంది. మీ ఫైలూ ఆ చాటూ పట్టుకుని ముందు మీ ఊళ్లో ఒక లాయర్ దగ్గర కూర్చోండి, ఇక్కడ ఇంకేం రాయకండి. డ్రైవర్ ఇంకా మీ దగ్గరే పని చేస్తున్నాడా?

క్లెయిమ్_కష్టాలు:
చేస్తున్నాడు సార్. ఇవాళ పొద్దున కూడా పిల్లల్ని స్కూల్లో దింపొచ్చాడు. సస్పెన్షన్ ఇంకా పన్నెండు రోజులు ఉందని ఇప్పుడే సైట్‌లో చూశా. సాయంత్రం నేనే వెళ్తా తీసుకురావడానికి.